దొక్కొయ్‌షొ, హైలెసా: ఈ మాటల్ని తెలుగులో ఏమంటాం?

పడమటి కసాయ్:
అందరికీ నమస్తే. మేముండేది టోక్యోలో, నిషి-కసాయ్ పేటలో. నిషి అంటే పడమర. కసాయ్‌కి మన కసాయితో ఏ చుట్టరికమూ లేదు, కానీ మా అత్తగారికి ఆ నమ్మకం ఇంకా కుదరలేదు. మావాడు నాలుగో తరగతి. బడిలో ఆటల పండక్కి క్లాసంతా కలిసి 'సోరన్ బుషి' ఆడుతున్నారు. జపాను ఉత్తరపు దీవి హొక్కైదోలో జాలర్ల పాట అది. నెల్లాళ్ల నుంచి మా ఇంట్లో పొద్దున లేస్తే "యారెన్ సోరన్ సోరన్", దాని వెనకే "దొక్కొయ్‌షొ! దొక్కొయ్‌షొ!" కూర్చోకుండా కూర్చున్నంత కిందికి మోకాళ్లు వంచి వల లాగుతున్నట్టు ఆడాలి. రాత్రికి తొడలు పట్టేశాయని కొబ్బరినూనె రాయించుకుంటాడు.

నిన్న వీడియోలో వాళ్ల నాయనమ్మ "దొక్కొయ్‌షొ అంటే ఏంట్రా నాన్నా?" అంది. వాడు "ఏం లేదు నాయనమ్మా, అలా అనాలంతే" అన్నాడు. ఇలాంటి మాటల్ని వీళ్లు 'హయషి కొతొబ' అంటారు. ఫోన్లో అనువాదానికి పెడితే "అడవి మాటలు" అని వచ్చింది. హయషి అంటే అడవి కూడాలెండి, రాత వేరు. తెలుగులో ఏమందాం?

ఉప్పాడ కెరటం:
అక్కా, మీరు ఉప్పాడ వచ్చి అడగాల్సిన ప్రశ్న ఇది. ఒడ్డు మీద అలివి వల లాగేటప్పుడు తాడుకి అటొక వరస, ఇటొక వరస నిలబడతారు. ఒకడు ముందు పాట అందుకుంటాడు, మిగతావాళ్లు "హైలెసా" అంటారు. ఆ 'సా' దగ్గర అందరి మడమలూ ఒకేసారి ఇసకలో దిగాలి. ఎవడైనా ముందే లాగాడో, పక్కవాడి అరచెయ్యి తాడుకి ఒరుసుకుని తోలు లేచిపోతుంది. అర్థం లేదంటే ఎలా? అర్థం మాటలో లేదు, మడమలో ఉంది.

అన్నీతెలుగే:
దొక్కొయ్‌షొలో 'డొక్క' కనపడటం లేదా? డొక్క ఎండిన జాలరి కేక అది. సోరన్ అంటే 'సొర'. సొరచేప! జపాను భాష ద్రావిడమని వాళ్ల పండితుడు సుసుము ఓనోనే అన్నాడు.

పాతనిఘంటువు:
తమ్ముడూ, ఓనో గారు పోల్చింది తమిళంతో. దాన్ని భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. పైగా నువ్వు వరసలో ఆలస్యంగా వచ్చావు. యారెన్ సోరన్ హీబ్రూ మాటలని వాదించేవాళ్లు జపానులో నీకంటే ముందు నుంచే ఉన్నారు.

దొక్కొయ్‌షొకి అక్కడ బాగా ప్రచారంలో ఉన్న కథ ఒకటుంది. ఫుజి కొండెక్కే యాత్రికులు 'రొక్కొన్ షోజో' అని జపిస్తూ ఎక్కేవారు. ఆరు ఇంద్రియాలూ శుద్ధి కావాలని. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు: ఇది మన బౌద్ధం నుంచి చైనా మీదుగా అక్కడికి వెళ్లిన లెక్కే. ఆయాసంలో రొక్కొన్ షోజో అరిగి అరిగి దొక్కొయ్‌షొ అయిందంటారు. వినడానికి ముచ్చటగా ఉంది, అందుకే నాకు అనుమానం. ఎదుటివాణ్ణి అడ్డుకుంటూ "ఎక్కడికి?" అనే 'దొకొ ఎ' నుంచి వచ్చిందని ఇంకో వాదం. నా మొగ్గు దీనివైపే.

ఇక అసలు ప్రశ్న. హయషి అన్న నామవాచకం 'హయసు' అనే క్రియ నుంచి వచ్చింది. పాటకి తాళంతో, కేకతో ఊపునివ్వడం. దీనికీ, మెరిసేలా చెయ్యడం అనే అర్థమున్న ఇంకో హయసుకీ మూలం ఒకటేనని నిఘంటువులు చెబుతాయి. మనకి సరిపోయే మాట 'వంత'. బుర్రకథలో కథకుడి పక్కన తందాన అనేవాళ్లని వంతలనే అంటాం కదా. కాబట్టి 'వంతమాట'.

ఓరుగల్లు పిల్ల:
సార్, వంత పాడుడు అంటే ఇప్పుడు భజన చేసుడు అన్నట్టే అయింది. లీడర్ల ఎన్క తిరిగేటోళ్లను గట్లంటరు. మా దిక్కు బతుకమ్మ పాటల "ఉయ్యాలో" లేకుంటే పాట నడ్వనే నడ్వది. మా అమ్మమ్మ పాట మర్సిపోతే రెండుసార్లు ఉయ్యాలో అంటుండె. అంతల తర్వాతి లైను యాదికొస్తుండె. సుట్టూ తిరిగెటోళ్లకు మర్సిపోయిందని తెల్వదు.

పాతనిఘంటువు:
నిజమేనమ్మా, వంతకి చెడ్డపేరొచ్చింది. చిత్రమేమిటంటే హయసుకీ అదే గతి. నలుగురూ చేరి ఒకణ్ణి కేకలతో ఆటపట్టించినా హయసు అనే అంటారు. రెండు మాటలూ ఒకే గోతిలో పడ్డాయి కాబట్టి అనువాదానికి మరీ నప్పుతుంది.

పడమటి కసాయ్:
వంతమాట నాకు నచ్చింది. బడివాళ్లు పంపిన కాగితంలో ఇంకో సంగతి ఉంది. సోరన్ బుషి విడి పాట కాదట. నిషిన్ అనే చేప వేటలో పనికొక పాట చొప్పున నాలుగు: తెడ్డు వేసేటప్పుడు ఒకటి, వల పైకి లేపేటప్పుడు ఒకటి, లేపిన వలలోంచి పెద్ద చేతివలలతో చేపల్ని తోడేటప్పుడు ఒకటి, వలకి అతుక్కున్న గుడ్లని కర్రలతో కొట్టి రాల్చేటప్పుడు ఒకటి. సోరన్ మూడోది, తోడే పాట. వసంతంలో గుడ్లు పెట్టడానికి మందలు ఒడ్డుకొస్తే సముద్రం పాలు కలిపినట్టు తెల్లబడేదట. హొక్కైదోకి దక్షిణాన ఉన్న తోహొకు వైపు నుంచి వలస కూలీలు వచ్చి రాత్రంతా తోడేవారు. పట్టిన చేపలో చాలాభాగం ఉడికించి, నూనె పిండి, పిప్పిని ఎరువుగా పత్తి చేలకి పంపేవారు. 1950ల్లో చేప రావడం దాదాపు ఆగిపోయింది, పాట మిగిలింది. 1992 నుంచి హొక్కైదోలోని సప్పొరోలో జరిగే యొసకొయ్ సోరన్ అనే నాట్యాల పండగలో ప్రతి జట్టూ తన పాటలో ఎక్కడో ఒకచోట సోరన్ బుషి వరస కలిపి తీరాలి.

ఉప్పాడ కెరటం:
నిషిన్ మన కవళ్ల కుటుంబమేనక్కా. అవునూ, మా పాటల్లో సగం ఆడవాళ్ల ముందు పాడేవి కావు. వాళ్లవి?

పడమటి కసాయ్:
వాళ్లవీ అంతే! అప్పటికప్పుడు అల్లుకున్న మోటు చరణాలు బోలెడట. బడికొచ్చేసరికి స్నానం చేయించి పంపారు. పిల్లలు పాడే చరణం ఇది:

నిషిన్ కితక తొ / కమొమె ని తొఎబ / వతష తౘు తొరి / నమి ని కికె

చేపలొచ్చాయా అని సముద్రపు పిట్టని అడిగితే, "నేను ఎగిరిపోయే పిట్టని, పోయి అలనడుగు" అందట.

పాతనిఘంటువు:
తౘు అని దంత్య చకారం వేసినందుకు దండాలమ్మా. 'చలి', 'చుట్టం' పలికే మనకి ఆ ధ్వని కొత్త కాదు. లెక్క చూశారా? 7, 7, 7, 5. వాళ్లు లెక్కపెట్టేది మన మాత్రల్లాంటివే. 'నిషిన్'లో పొల్లు న్ కూడా ఒక లెక్క, కాబట్టి మూడు. అదే కొలతలో తెలుగు చేద్దాం:

మందొచ్చెనని / గువ్వ నడిగితె / ఎగిరె పిట్టను / అల నడుగు

ఉప్పాడ కెరటం:
మాస్టారూ, మందొచ్చెనని అంటే మావాళ్లు సీసాలొచ్చాయనుకుని పరిగెత్తుతారు.

ఓరుగల్లు పిల్ల:
"చేపలేవని" అంటే? ఏడు మాత్రలే.

ఉప్పాడ కెరటం:
చేపలు లేవని చెప్పినట్టుంటుంది చెల్లెమ్మా. వేటకెళ్లే ముందు ఆ మాట అస్సలు అనకూడదు.

పాతనిఘంటువు:
అయితే "మంద ఏదని". యడాగమం చేర్చి "మందయేదని" అన్నా మాత్రలు ఏడే. అరసున్నా వాదాలకి ఇంకో రోజు పెట్టుకుందాం.

పడమటి కసాయ్:
అత్తగారికి ఈ చరణం పాడి వినిపించాను. గువ్వ సమాధానానికి పకపకా నవ్వి, "మా ఊరి కరణం కూడా ఇలాగే చెప్పేవాడు, నాకేం తెలుసు, మునసబునడుగు అని" అన్నారు.

ఈ సాయంత్రం లిఫ్టు దగ్గర పక్కింటి మామ్మ కూరగాయల సంచి కింద పెడుతూ "దొక్కొయ్‌షొ" అంది. ఇక్కడ పెద్దవాళ్లు కూర్చున్నా లేచినా అదే మాట. మావాడు వెంటనే మోకాళ్లు వంచి రెండుసార్లు "దొక్కొయ్‌షొ! దొక్కొయ్‌షొ!" అని వంత కలిపాడు. మామ్మ సంచి వదిలేసి వల లాగింది. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, మూసుకుని వెళ్లిపోయింది.