ఎండ పడని పెరడు: గచ్చు చేయించాలా, గడ్డి పరచాలా, నీడమొక్కలు పెట్టాలా?

అరండల్‌పేట వాసి:
సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో ఉన్న మా పాత ఇంటి పెరటిని తోటగా మార్చాలని సంకల్పించాను. ఇల్లు దక్షిణ ముఖం కావడంతో పెరడు ఉత్తరం వైపు వచ్చింది. పొడవు 30 అడుగులు, వెడల్పు 18 అడుగులు. మేడతో కలిపి ఇంటి ఎత్తు సుమారు 24 అడుగులు ఉంటుంది. తూర్పున పక్కవారి స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. పడమటి మూలన మా తాతగారు నాటిన వేపచెట్టు పెరడంతా కమ్ముకుని ఉంది. నేల నల్లరేగడి; చెట్టు చుట్టూ వేర్లు పైకి తేలి కనిపిస్తాయి. మేస్త్రీకి అప్పగించకుండా సెలవు రోజుల్లో నా చేతులతోనే చేసుకోవాలని కోరిక. వేర్లు కప్పబడిపోయేలా ఆరంగుళాల ఎర్రమట్టి పోసి, కొరియన్ కార్పెట్ గడ్డి పరిచి, మధ్యలో రాళ్ళ బాట వేద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఒకరు మాత్రం మొత్తం గచ్చు చేయించేస్తే సరిపోతుందంటున్నారు. ఏది మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
ఇంట్లో వారు చెప్పిన మాట వినండి. ఉత్తరపు పెరటికి ఎండ రాదు. ఎండ రాని చోట గడ్డి బతకదు. మా ఇంటి వెనుక మామిడి కింద ఇదే కొరియన్ గడ్డిని ఒక కాంట్రాక్టరు చేత పరిపించాను. వానాకాలం ముగిసేలోపే మచ్చలు మచ్చలుగా కుళ్ళిపోయింది. ఫోను చేస్తే నీళ్ళు ఎక్కువ పెట్టారన్నాడు, మరోసారి చేస్తే తక్కువ పెట్టారన్నాడు. ఆ తరువాత నీడమొక్కలంటూ గుబురుగా పెంచాము. దోమలు పెరిగాయి, ఆ ఏడాది మా కోడలికి డెంగీ వచ్చింది. చివరికి సిమెంటు పోయించిన తరువాతే ఆ పెరట్లో అడుగు పెట్టగలిగాము. 10 అడుగులకు 2 అంగుళాల చొప్పున వాలు ఇచ్చి, నీరు ఇంటికి దూరంగా పోయేలా చేయిస్తే ఇక దాని జోలికి వెళ్ళవలసిన పని ఉండదు.

పటమట తోట:
అరండల్‌పేట వాసి గారూ, గడ్డి విషయంలో పైవారు చెప్పింది నిజమే. కొరియన్ గడ్డికి రోజుకు కనీసం అయిదారు గంటల నేరుటెండ ఉండాలి. బఫెలో గడ్డి కొంత నీడను ఓర్చుకుంటుంది కాని, ముదురు వేప కింద అదీ పలచబడిపోతుంది. అయితే గడ్డి బతకనంత మాత్రాన గచ్చు ఒక్కటే దారి కాదు. అంతకన్నా ముఖ్యంగా, ఆరంగుళాల మట్టి మాత్రం దయచేసి పోయకండి. చెట్టుకు తిండి తెచ్చే సన్నని వేర్లు చాలావరకు నేల పైపొరలోనే ఉంటాయి. వాటికి గాలి అందాలి. మందంగా మట్టి కప్పితే ఊపిరాడక మెల్లగా చచ్చిపోతాయి. ఏడాది రెండేళ్ళ వరకు పైకి ఏమీ తెలియదు, ఆ తరువాత కొమ్మలు చివర్ల నుండి ఎండుతూ వస్తాయి. కాండం మొదలు చుట్టూ మట్టి అసలే చేర్చకూడదు. ఎండాకును రెండంగుళాల మేర పరచి వదిలేస్తే చాలు.

ఎండ మాట కూడా చెప్పాలి. ఉత్తరపు పెరటికి ఎండ రాదనడం సగమే నిజం. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివరలో మధ్యాహ్న సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కనుక, 24 అడుగుల ఇల్లు 20 అడుగుల నీడ పరుస్తుంది, పెరడంతా అందులో మునిగిపోతుంది. మే మొదటి వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు అదే సూర్యుడు మధ్యాహ్న వేళ నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. ఆ మూడు నెలలూ మీ ఇంటి నీడ పెరటి మీద పడదు.

కొరిటెపాడు:
చెట్టు కొట్టేస్తే సమస్యలన్నీ ఒకేసారి తీరతాయి కదా?

పటమట తోట:
తీరవు. చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. అది అటుంచి, గుంటూరు మే నెలలో ఆ చెట్టు లేని పెరట్లో మనిషి నిలబడగలడా అన్నది ఆలోచించండి.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
తోట గారు లెక్క బాగానే చెప్పారు. కాని ఆ మూడు నెలలూ వేపచెట్టు నిండుగా ఆకుతో ఉంటుంది, ఉదయపు ఎండను తూర్పు అపార్ట్‌మెంట్ ఆపుతుంది. ఇంటి నీడ పడకపోయినా చెట్టు నీడ పడుతుంది. అక్షాంశాలు చెప్పినంత మాత్రాన మొక్కకు వెలుతురు అందదు. పైగా నా ప్రశ్న దోమల గురించి; దానికి మీరు జవాబు ఇవ్వలేదు.

పటమట తోట:
వేప ఆకు మర్రి ఆకులా దట్టమైనది కాదండీ. దాని కింద జల్లెడలో నుండి జారినట్టు వెలుతురు పడుతుంది, ఆ వెలుతురే నీడమొక్కలకు కావలసింది. దోమల విషయానికి వస్తే, డెంగీ దోమ నిలిచిన మంచినీటిలో పుడుతుంది. గుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మడిలోని మట్టి నీటిని పీల్చుకుంటుంది. నీరు నిలిచేది కుండీల కింద పెట్టే పళ్ళేల్లో, పాత డబ్బాల్లో, ఆకు అడ్డుపడ్డ సిమెంటు కాలువల్లో. మీ పెరట్లో కుండీల కింద పళ్ళేలు ఉండేవా లేదా అన్నది చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
మా కోడలు పడ్డ బాధకు పళ్ళేల లెక్క అడుగుతున్నారు. నేను 34 ఏళ్ళు నిర్మాణాలు చేయించినవాణ్ణి, నీరు ఎక్కడ నిలుస్తుందో నాకు తెలుసు. మరొక ఉదాహరణ వినండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇల్లు మునిగింది. గచ్చు ఉన్నవారు పెరటిని పైపుతో కడిగేసుకున్నారు. మొక్కల మడులున్న మా చెల్లెలు మాత్రం కంపు కొట్టే బురదను చాలాకాలం ఎత్తిపోస్తూనే ఉంది.

తెనాలి పాఠకురాలు:
అరండల్‌పేటకు బుడమేరు రాదు కదండీ. ఇక దోమలు మట్టిలో పుట్టకపోయినా, పగటిపూట నీడగా ఉన్న గుబురుల్లో దాగుతాయి. ఆ ఒక్క విషయంలో ఇంజనీరు గారి భయం న్యాయమే. అందుకని మొక్కలను గోడ వారగా పలచగా పెట్టి, గుమ్మానికి దగ్గరగా గుబురు పెరగనీయకుండా చూసుకుంటే మంచిది.

పొన్నూరు రైతుబిడ్డ:
నీడను చూసి అందరూ ఎందుకు భయపడుతున్నారో నాకు అర్థం కావడం లేదు. మా వైపు తమలపాకు తోటల్లో అవిసె చెట్లు పెంచి నీడను కావాలని తయారు చేసుకుంటాము. తమలపాకు తీగకు నేరుటెండ తగిలితే ఆకు పసుపు తిరిగి గిడసబారుతుంది. మీకు ఆ నీడ ఖర్చు లేకుండా దొరికింది. వేప కాండం మీదకే తీగ పాకించవచ్చు. పసుపు, అల్లం, చామ పలచని నీడలో బాగా వస్తాయి. దుగ్గిరాల మీకు దగ్గరే, విత్తన పసుపు సులభంగా దొరుకుతుంది. జూన్‌లో కొమ్ము నాటితే జనవరి, ఫిబ్రవరి నాటికి ఆకు ఎండిపోతుంది. వేప ఆకు రాల్చేది కూడా ఆ తరువాతే కాబట్టి అప్పటికి మడి ఖాళీగా ఉండి ఊడ్చుకోవడం తేలిక. కనకాంబరం కూడా సగం నీడలో పూస్తుంది. కాని నల్లరేగడిలో నీరు దిగదు, దుంప కుళ్ళుతుంది. నేలలో కాక, చెట్టుకు దూరంగా తూర్పు వారన ఇటుక కట్టుతో ఎత్తు మడి చేసి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపుకోండి. వేపపిండి గుప్పెడు చల్లితే పురుగు తక్కువగా ఉంటుంది.

అరండల్‌పేట వాసి:
రైతుబిడ్డ గారికి ధన్యవాదాలు. కాని పిల్లలు ఆడుకోవడానికి పచ్చని గడ్డి ఉండాలన్నది నా కోరిక. గడ్డికి బదులు నేలను కప్పే మొక్క ఏదైనా ఉందా?

పటమట తోట:
తొక్కినా తట్టుకునే నీడమొక్క దాదాపు లేదు. మోండో గడ్డి నీడలో బతుకుతుంది, కాని మెల్లగా పాకుతుంది, దాని మీద ఆటలాడకూడదు. రియో, సింగోనియం, స్పైడర్ ప్లాంట్ గోడ వారకు పనికివస్తాయి. పిల్లలు తిరిగే చోట డిఫెన్‌బాకియా మాత్రం పెట్టకండి. దాని ఆకు నమిలితే నోరు, నాలుక వాచి మంట పుడుతుంది. నడిచే చోట మాచర్ల నాపరాళ్ళను సిమెంటు లేకుండా ఇసుక పరుపు మీద, మధ్యలో వేలెడు సందు వదిలి పరచండి. వాన నీరు ఆ సందుల్లోంచి వేర్లకు దిగుతుంది. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోయడం ఎంత చేటో తెలిసే, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
నల్లరేగడి మీద ఇసుకలో పరచిన రాయి రెండు వానలకు ఒకటి లేస్తుంది, ఒకటి కుంగుతుంది. పెద్దవాళ్ళు తట్టుకుని పడతారు.

పటమట తోట:
అదే నల్లరేగడి మీద మీ గచ్చు వేసవిలో పగులుతుంది, వానకు ఉబ్బుతుంది. లేచిన రాయిని గునపంతో ఎత్తి, కింద ఇసుక సరిచేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. పగిలిన గచ్చును ఏం చేస్తారు? నీడలో తడిసిన గచ్చు మీద పట్టే పాచికి జారిపడి మా నాన్నగారి తుంటి ఎముక విరిగింది. ఆ గచ్చు వేయించింది కూడా మీలాంటి పెద్దలు చెప్పిన మాట వినే. సిమెంటు తప్ప మరొకటి తెలియనివారు తోటల గురించి సలహాలు ఇవ్వకుండా ఉంటే మేలు.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
మాటలు జాగ్రత్తగా రాయండమ్మా. నేను సిమెంటు అమ్ముకునేవాణ్ణి కాదు. మీరు చెప్పిన మొక్కలన్నిటికీ రోజూ నీరు పెట్టేది ఎవరు, ఫిబ్రవరి, మార్చిలో పూటకొక తట్ట వేపాకు ఎత్తేది ఎవరు? ఈ ప్రశ్న మీరెవ్వరూ అడగలేదు.

సత్యనారాయణపురం పిన్ని:
నేను ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇంజనీరు గారు ఇప్పుడు అడిగిన మాట నన్ను కదిలించింది. నాయనా అరండల్‌పేట వాసీ, నువ్వు పొడవు వెడల్పులు చెప్పావు, నేల రంగు చెప్పావు. ఆ పెరట్లో కుళాయి ఎక్కడుంది, బట్టల తీగ ఎటు కట్టి ఉంది, అంట్లు ఎక్కడ తోముతారు, పాత రోలు ఉందా, ఇవేవీ చెప్పలేదు. మనకు పెరడంటే ఆడవాళ్ళు రోజంతా పని చేసే చోటు. ఆ ఇంట్లో రోజూ ఎవరుంటున్నారు?

అరండల్‌పేట వాసి:
మా అమ్మ ఒక్కతే ఉంటోందండీ. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, నెలకొకసారి వెళ్తాను. గచ్చు చేయించమంటున్నది మా అన్నయ్య. అడిగారు కనుక చెబుతున్నాను: అన్నయ్య ఉద్దేశం ఒక్క గచ్చుతో ఆగదు. గచ్చు పడితే దాని మీద రేకుల గది వేసి అద్దెకు ఇవ్వాలని ఆయన ఆలోచన, అప్పుడు వేపచెట్టు అడ్డం అవుతుంది. ఒకసారి తోట తయారైతే దాన్ని తవ్వడానికి ఎవరికీ చేతులు రావని నేను త్వరపడుతున్నాను. ఇంజనీరు గారి మాటలు చదువుతుంటే అన్నయ్య ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
రేకుల గది సంగతి నాకు తెలియదు, దానికి నేను సలహా ఇవ్వను. ఉత్తరపు పెరటిని మూసేస్తే వెనుక గదులకు గాలి పోతుంది. కాని అన్నదమ్ములిద్దరూ ఆ నేల మీద పందెం వేసుకుంటే, ఊడ్చేదీ తడిపేదీ మీ అమ్మగారే అవుతారు. నేను మొదటి నుండీ అంటున్నది అదే.

సత్యనారాయణపురం పిన్ని:
మొదటి నుండీ మీరు అన్నది దోమల గురించి. సరే, అది వదిలేద్దాం. బాబూ, మీ అమ్మను అడిగావా?

అరండల్‌పేట వాసి:
రాత్రి ఫోనులో అడిగాను. గడ్డి వద్దంది, దానికి నీరు పెట్టి కలుపు తీసే ఓపిక తనకు లేదంది. గచ్చు కూడా వద్దంది, ఎందుకంటే మేలో మధ్యాహ్నాలు వేప కింద నులకమంచం వేసుకుంటుందట, సిమెంటు అయితే సాయంత్రం దాకా సెగ కక్కుతుందట. కుళాయి నుండి బట్టల తీగ వరకు కాలికి బురద అంటకుండా బండలు కావాలంది. కుళాయి దగ్గర అంట్ల నీరు నిలవకూడదంది. పసుపు, చామ వేస్తే చూసుకుంటానంది, కాని మడి నడుం ఎత్తుకు దగ్గరగా ఉండాలని, వంగి పని చేయలేనని చెప్పింది. ఉగాది పచ్చడికి పువ్వు కోసుకునే కొమ్మ కొట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పింది.

పొన్నూరు రైతుబిడ్డ:
అయితే మడి ఎత్తు రెండున్నర అడుగులు కట్టండి. ప్రహరీకి ఆనించకుండా జానెడు దూరం వదిలితే గోడకు చెమ్మ ఎక్కదు. అడుగున నీరు పోయే రంధ్రాలు ఉంచి, వాటి మీద ఇటుక ముక్కలు పరచండి. జూన్‌లో నాటాలంటే మే నెలాఖరుకు మట్టి సిద్ధం కావాలి.

పటమట తోట:
పునాది తవ్వేటప్పుడు బొటనవేలి కన్నా లావు వేరు కనబడితే దాన్ని నరకకుండా మడిని పక్కకు జరపండి. నులకమంచం వేసే చోట నేలను అలాగే వదిలేయండి, మంచం కాళ్ళ కిందకు నాలుగు చిన్న నాపరాళ్ళు చాలు.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
కుళాయి దగ్గర 4 అడుగుల చదరం మాత్రం సిమెంటుతోనే చేయించాలి, అక్కడ ఇసుక పరుపు నిలవదు. అంచు కట్టి, వాలు నేను చెప్పినట్టే ఇవ్వండి. పాచి పట్టకుండా పైపూతను గరుకుగా వదలమని మేస్త్రీకి చెప్పండి. బండల విషయంలో నా అభిప్రాయం మారలేదు. మీ అమ్మగారు నడిచే దారి కనుక ఒక్కొక్క బండ కనీసం రెండంగుళాల మందం ఉండేలా చూసుకోండి, కింద ఇసుకను తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. కుళాయికీ తీగకూ మధ్య దూరం ఎంతో చెబితే ఎన్ని బండలు పడతాయో లెక్క కట్టి ఇస్తాను.

అరండల్‌పేట వాసి:
దూరం 14 అడుగులు. మధ్యలో ఒక వేరు అడ్డం వస్తుంది.

పటమట తోట:
వేరు మీద బండ వద్దు. దారిని చుట్టు తిప్పండి.

విశ్రాంత ఇంజనీరు, విజయవాడ:
తిప్పితే తడి బట్టల బకెట్టుతో ఆమె రెండు మలుపులు తిరగాలి. తీగనే ఇటు జరపండి.