రువాండాలో ఇరుగుపొరుగువాళ్ళే ఎలా చంపారు?

పెదవాల్తేరు టీచర్: మద్దిలపాలెంలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతాను. 1994లో రువాండాలో సుమారు 100 రోజుల్లో లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలనే మైనారిటీ వర్గం వాళ్ళను, మెజారిటీ హుటూ వర్గంలోని తీవ్రవాదులు చంపించారని చెప్పగానే ఒక అమ్మాయి లేచి, "ఒకే భాష, పక్కపక్క ఇళ్ళు కదా మేడమ్, చేతులెలా వచ్చాయి?" అని అడిగింది. పాత పగలని చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. ఏం చెప్పమంటారు?

సీతమ్మధార: బెల్జియం పాలకులు 1930లలో గుర్తింపు కార్డుల మీద హుటూ, టుట్సీ అని రాయించారు మేడమ్. 1994లో రోడ్డు మీద ఆపి ఆ కార్డు చూసి మరీ చంపారు. హుటూ తీవ్రవాదుల ఆర్‌టీఎల్‌ఎం రేడియో టుట్సీలను బొద్దింకలు అంది. స్థానిక అధికారులే జనాన్ని కూడగట్టారు. ముందే చేసి పెట్టుకున్న ఏర్పాటు అది. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

గాజువాక: ఆ హత్యల విచారణకు తర్వాత పెట్టిన గచాచా అనే ఊరి కోర్టుల గురించి కూడా చెప్పండి మేడమ్. ఊరివాళ్ళు ఎన్నుకున్నవాళ్ళే ఆరుబయట కూర్చుని విచారించారు. 2012లో ముగిసేసరికి 10 లక్షలకు పైగా కేసులు తేల్చారు. నేరం ఒప్పుకుని, శవాలెక్కడున్నాయో చెప్పినవాళ్ళకు శిక్ష తగ్గించారు. అయినవాళ్ళ ఎముకలైనా దొరకాలని ఎదురుచూసిన కుటుంబాలకు అది చిన్న విషయం కాదు.

సీతమ్మధార: నిజమేనండి. కానీ అక్కడ నిందితుల తరఫున లాయర్లు లేరు. టుట్సీల నాయకత్వంలో పోరాడి గెలిచిన ఆర్‌పీఎఫ్ దళం సైనికులు చేసిన హత్యలు ఆ కోర్టుల ముందుకు రాలేదు. అందరూ క్షమించుకున్నారని మాత్రం చెప్పకండి, బాధితులకు అన్యాయం చేసినట్టే.

పెదవాల్తేరు టీచర్: ఇద్దరికీ థాంక్స్ అండి. రేపు గుర్తింపు కార్డుతో మొదలుపెడతాను. గచాచాకి ఇంకో క్లాసు కావాలి, సిలబస్ కాస్త వెనకబడినా సరే.