కొన్ని మొబైల్స్‌కి కాల్ వెళ్లదు, అవే నంబర్లు మా ఎకౌంటెంట్ గారు చేస్తే కలుస్తాయి

ఆటోనగర్ ఆఫీసు:
విశాఖ ఆటోనగర్‌లో మాది స్పేర్ పార్ట్స్ షాపు. పన్నెండు ఎక్స్‌టెన్షన్లు, ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లు నడిపే సాఫ్ట్‌వేర్), 0891 నంబరుతో ఒక సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద వచ్చే బయటి లైను). ఇన్‌కమింగ్ బాగానే ఉంది. బయటికి చేస్తే కొన్ని మొబైల్స్‌కి చక్కగా రింగవుతుంది, కొన్నిటికి వెంటనే "ఆల్ సర్క్యూట్స్ ఆర్ బిజీ" అని వినిపిస్తుంది. ట్రంక్ రిజిస్టర్డ్ అనే చూపిస్తోంది, ప్రొవైడర్‌ని అడిగితే మా వైపు అంతా ఓకే అండి అని పెట్టేశారు. విచిత్రమేమిటంటే మా పాత ఎకౌంటెంట్ గారు ఎవరి సీట్లో కూర్చుని చేసినా అవే నంబర్లు కలుస్తాయి! కలెక్షన్ కాల్స్ ఆగిపోయి ఒకటే టెన్షన్.

గాజువాక కుర్రాడు:
రౌటర్లో సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్ మెసేజ్‌లను మధ్యలో మార్చే సెట్టింగ్) ఆపి చూడండి బ్రో.

వైర్ల మనిషి:
ఏఎల్‌జీ అయితే మనిషిని బట్టి మారదు కదా. మీ ఎకౌంటెంట్ గారు ఏ అంకెలు నొక్కుతున్నారో పక్కన నిలబడి చూడండి. కలవని నంబర్లు ఓ పది కాగితం మీద రాయండి, ఆస్టరిస్క్ (ఫ్రీపీబీఎక్స్ లోపలి ఇంజిన్) కన్సోల్లో కాల్ మెసేజ్‌లు చూపించే పీజేసిప్ లాగర్ ఆన్ చేసి, ఇన్వైట్ (కాల్ కలపమని ప్రొవైడర్‌కి వెళ్లే మెసేజ్) లైన్లో ఏ నంబరు బయటికి పోతోందో చూడండి.

ఆటోనగర్ ఆఫీసు:
గురువుగారూ, కలవనివన్నీ 9తో మొదలయ్యేవే. ఇన్వైట్‌లో తొమ్మిది అంకెలే ఉన్నాయి, మొదటి 9 ఎగిరిపోయింది! ఆయనేమో పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఎక్స్ఛేంజ్ పెట్టె) అలవాటు కొద్దీ ముందు 9, తర్వాత 0, ఆ తర్వాత నంబరు కొడుతున్నారు.

వైర్ల మనిషి:
దొరికింది. బయటి లైనుకి 9 అనే పాత ఔట్‌బౌండ్ రూట్ (బయటికెళ్లే కాల్స్‌కి రూల్) మీ లిస్టులో పైన ఉండుంటుంది: ప్రిఫిక్స్ గడిలో 9 (దీన్ని తీసేసి మిగతాది పంపుతుంది), ప్యాటర్న్‌లో ఎక్స్ (ఏదో ఒక అంకె), పక్కన చుక్క (ఆ తర్వాత ఎన్ని అంకెలైనా). ఫ్రీపీబీఎక్స్ రూట్లు పై నుంచి కిందికి చూస్తుంది, ముందు సరిపోయిందే తీసుకుంటుంది. దానికి మొబైల్ నంబర్లోని మొదటి 9 కూడా బయటి లైను 9 లాగే కనిపిస్తుంది పాపం. [6-9] (6 నుంచి 9 దాకా ఏదో ఒక అంకె) తర్వాత తొమ్మిది ఎక్స్‌లు ఉన్న మొబైల్ రూట్ పైకి జరపండి, దానికి ముందు 0 కలపడం మరవొద్దు, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి 0 తప్పనిసరి. పనిలో పనిగా ఎమర్జెన్సీ నంబరు 112కి రూట్ ఉందో లేదో చూడండి, చాలామంది వదిలేస్తారు.

ఆటోనగర్ ఆఫీసు:
అదే అండి. వారం కిందట పాత బ్యాకప్ రీస్టోర్ చేశాం, ఆ రూట్ దాంతో వచ్చి పైన కూర్చుంది. కిందికి జరిపి అప్లై కొట్టగానే అన్నీ కలుస్తున్నాయి. 112కి రూట్ నిజంగానే లేదు, ఇప్పుడే పెట్టాను. ఎకౌంటెంట్ గారు ఇంకా 9 కొడుతూనే ఉన్నారు, అదీ వెళ్తోంది కాబట్టి కదపలేదు.