ఐపీ ఎవరు పెడతారు?

గ్రూపులో పెద్దలకో సందేహం. మా ఊళ్లో "ఫలానా ఆయన ఐపీ పెట్టాడు" అంటే అప్పులు ఎగ్గొట్టి ఊరొదిలి పోయాడనే. మొన్న ఒక పాత కాగితంలో "షావుకారు ఐపీ వేసెను" అని చూశాను. అప్పిచ్చినాయన ఐపీ వేయడమేంటండీ, రాతలో తప్పా?

* * *

తప్పు కాదండీ. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద బాకీదారుడూ వేసుకోవచ్చు, అప్పిచ్చినాయనా వేయొచ్చు. అప్పు 500 రూపాయలుంటే చాలు (1920 నాటి అంకె మరి!). ఇంకో విశేషం, అప్పులవాళ్లకు దొరక్కుండా ఇల్లొదిలి పోవడాన్ని ఆ చట్టమే దివాలా చర్యల్లో ఒకటిగా లెక్కేసింది, అది జరిగిన మూడు నెలల్లోపు షావుకారు కోర్టుకెళ్లాలి. కాబట్టి మీ ఊరివాళ్ల అర్థం మరీ గాలికి పుట్టింది కాదు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గదా అంటారేమో, అందులో వ్యక్తుల అప్పుల భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది, మిగతావాళ్లకు పాత చట్టమే.

* * *

మరి ఈపీ వేరా అన్నయ్యగారూ? మా తాతయ్య ప్రామిసరీ నోటు మీద గుంటూరు వైపు కోర్టులో డిక్రీ, అదే బాకీ కట్టమని కోర్టు తీర్పు, తెచ్చుకున్నారు. ఈలోగా బాకీదారుడు ఉన్నదమ్ముకొని కర్ణాటకలో సింధనూరు దగ్గర క్యాంపుకి, అదే మనవాళ్లు వలసెళ్లి స్థిరపడ్డ ఊరికి, పోయాడు. రాష్ట్రం దాటాడు, పైగా ఐపీ పెట్టాడట అని అందరూ అంటే తాతయ్య ఇక వదిలేశారు.

* * *

వేరేనమ్మా. ఈపీ అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, డిక్రీ అమలు చేయమని వేసేది, గెలిచినవాళ్లే వేస్తారు. రాష్ట్రం దాటితే డిక్రీ చచ్చిపోదు, ఇచ్చిన కోర్టు నుంచి అక్కడి కోర్టుకి బదిలీ చేయించుకొని ఈపీ వేసుకోవచ్చు, అక్కడివాళ్లు కేసు మళ్లీ మొదటినుంచి విచారించరు. నోటుకి మూడేళ్లు గడువైతే డబ్బు డిక్రీ అమలుకి 12 ఏళ్లు, ఆ తర్వాతే కాలదోషం. అయితే అతను నిజంగా ఐపీ పెడితే ఉంటున్న చోటి కోర్టులోనే పెడతాడు, మీ తాతగారికి నోటీసు వచ్చుండాలే?

* * *

ఏ నోటీసూ రాలేదండీ. "ఐపీ పెట్టాడట" అన్న మాటే వచ్చింది. డిక్రీ కాపీ ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది, 1987ది.