‘మీవాళ్లు రాసింది ఏదీ?’ అంటే ఏం చెప్పాలి?

సీతంపేట పిల్ల:
నమస్తే అండీ. చెన్నైలో ఎం.ఏ. ఇంగ్లీషు, ట్రిప్లికేన్ హాస్టలు. సోమవారం నా సెమినారు. మా పోస్ట్‌కొలోనియల్ (వలసపాలన తర్వాతి సాహిత్యం) పేపరు మొత్తంలో ఆదివాసుల ఊసు బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి కథ ‘ద్రౌపది’ ఒక్కటే, అదీ స్పివాక్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో. మహాశ్వేతాదేవి అంటే గౌరవమే, కానీ ఆవిడ మాలో మనిషి కాదు కదా. మాది సవర ఇల్లు. క్లాసులో ఈ మాటంటే, ‘మరి మీవాళ్లు రాసింది ఏదీ?’ అన్నారు. నోరు పెగల్లేదు.

అడయారు చెట్టు:
నారాయణ్‌ని పట్టుకోండి. కేరళ మల అరయ తెగ మనిషి, తపాలా ఉద్యోగి. ‘కొచ్చరేత్తి’ నవల 1998లో మలయాళంలో వచ్చింది, ఇంగ్లీషులోకి 2011లో. పక్క రాష్ట్రం పుస్తకం ఇంగ్లీషు చుట్టూ తిరిగొస్తే గానీ మన చేతికందదు, ఏం చేస్తాం! మీ మన్యం నుంచే మల్లిపురం జగదీశ్ కథలున్నాయిగా, ‘శిలకోల’. చదవలేదా?

సీతంపేట పిల్ల:
చదివానండీ. ఇంగ్లీషులో లేదు, మా పేపర్లో చెల్లదట.

మైలాపూర్ ముసలాయన:
అమ్మాయీ, గిడుగు రామమూర్తిగారు సవరలను ఇంట్లో పెట్టుకుని భాష నేర్చారు, సొంత ఖర్చుతో వాళ్లకి బడి పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది ఈ మద్రాసులోనే.

సీతంపేట పిల్ల:
ఆయనకి దణ్ణం పెడతానండీ. కానీ ఆయనా మాలో మనిషి కాదుగా.

మైలాపూర్ ముసలాయన:
దొరికిపోయాను! అయితే 1936 చెప్పు. ఒడిశా వైపు మంగేయి గొమాంగో, సవర మనిషే, సొర సొంపెం అని సవర భాషకి సొంత లిపే కట్టాడు. కథలడిగితే అక్షరాలు చూపించు.

సీతంపేట పిల్ల:
ఇది తెలీదు, ఈ రాత్రే చూస్తాను. అసలు ఆ ‘పోస్ట్’ అన్న మాటే నాకు మింగుడు పడదండీ. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. మా నాన్న పోడు పట్టా కోసం ఇంకా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. పాలన అయిపోయిందెప్పుడట?

అడయారు చెట్టు:
సెమినారు ఇక్కడే మొదలుపెట్టండి. న్యూజిలాండ్ మావోరీ రచయిత్రి పెట్రీషియా గ్రేస్ 1986లో ‘పొటికి’ నవల చివర మావోరీ మాటలు అలాగే వదిలేసింది. అర్థాల పట్టికా లేదు. కావాలంటే మీరే నేర్చుకోండి అన్నట్టు.

సీతంపేట పిల్ల:
కొండచీపుర్లు కోస్తూ నాయనమ్మ పాడిన పాట ఫోన్లో ఉంది. మధ్యలో కోడి కూత, నాన్న దగ్గు కూడా. అర్థం చెప్పకుండా వినిపిస్తే మార్కులు కోస్తారా?

మైలాపూర్ ముసలాయన:
కోస్తే కోయనీ తల్లీ. ఆ హాల్లో స్పీకరు పలుకుతుందో లేదో ముందే వెళ్లి చూసుకో.