రంగు ఒకటే, లాట్ వేరు: దుప్పటి సగంలో ఆగింది

ప్రశ్న: పాపాయికి నీలం నూలుతో క్రోషే దుప్పటి అల్లుతున్నా, 4 మి.మీ. హుక్. ఏడో ఉండ డై లాట్ (ఒకేసారి రంగు అద్దిన నూలు దఫా) వేరట. పగటి వెలుగులో 41వ వరస దగ్గర గీత గీసినట్టుంది. అంతా విప్పాలంటే ప్రాణం ఒప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అంతా విప్పొద్దండీ! కొత్త దారం తీసేసి, పాతది పది పన్నెండు వరసలు విప్పండి. పాతది రెండు వరసలు, కొత్తది రెండు వరసలు మార్చి మార్చి అల్లండి. రెండేసి వరసలైతే దారం మళ్ళీ అదే అంచుకొస్తుంది, తెంపక్కర్లేదు. గీత కలిసిపోతుంది.

ఇంకొకరు: నేనైతే కొత్త ఉండ అంచుకే వాడతా. అక్కడ తేడా అందంగానే ఉంటుంది.

అడిగినవారు: 12 వరసలు విప్పేశా. దారమంతా ఉంగరాలు తిరిగిపోయింది. చిలపగా చుట్టి, తడిపి ఆరేశా. రేపు మొదలుపెడతానండీ.