‘నేను’ అనేది మెదడులో ఎక్కడ ఉంది?

ప్రశ్న (జయనగర్ పాఠకుడు):
బెంగళూరు గాంధీనగర్‌లోని మహాబోధి సొసైటీకి ధ్యానం కోసం వెళ్తుంటాను. శాశ్వతమైన ‘నేను’ (ఆత్మ) అనేదేదీ లేదని బుద్ధుడు చెప్పిన అనాత్మవాదాన్ని నేటి మెదడు శాస్త్రం నిరూపించిందని కొందరు మిత్రులు అంటున్నారు. ఇది ఎంతవరకు సరైనది?

జవాబు (మల్లేశ్వరం):
నిరూపించిందనడం తొందరపాటు, పోలిక మాత్రం గట్టిదే. మూర్ఛ చికిత్సలో భాగంగా మెదడు అర్ధగోళాలను కలిపే నాడీతంతువులను కోసిన రోగులను మెదడు శాస్త్రవేత్తలు స్పెర్రీ, గజానిగా పరిశీలించారు. కుడి అర్ధగోళానికి మాత్రమే ‘నడువు’ అనే ఆదేశం చూపగా రోగి లేచి నడిచినప్పుడు, ఆ ఆదేశాన్ని చూడనే చూడని, మాటలు పలికే ఎడమ అర్ధగోళం, పానీయం తెచ్చుకోవడానికి లేచానంటూ అప్పటికప్పుడు ఒక కారణాన్ని అల్లి, దానిని తానే నమ్మింది. అంటే ‘నేనే నిర్ణయించాను’ అనే కథను మెదడు తర్వాత అల్లుకోవచ్చు. ఆలస్యమైన ప్రతిసారీ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌ను సాక్ష్యానికి పిలిచే మనకు ఇది మరీ వింత కాదు.

జవాబు (ఇందిరానగర్):
మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు ఇరుసు రథం కాదని, చక్రమూ రథం కాదని, అన్నీ కూడినప్పుడే ఆ పేరు చెల్లుతుందని, ‘నేను’ కూడా అలాంటి పేరేనని వివరించాడు. అయితే మనిషిని శరీరం, అనుభూతి, గుర్తింపు, సంస్కారాలు, చైతన్యం అనే ఐదు భాగాలుగా విడదీసి చూసే పంచస్కంధాల విశ్లేషణ దుఃఖ నివారణ కోసం పుట్టింది; ప్రయోగశాలకు ఆ లక్ష్యం లేదు.

ప్రశ్నించినవారు:
మరి ధ్యానుల మెదడు చిత్రాల మాటేమిటండీ?

జవాబు (మల్లేశ్వరం):
మనసు తన గురించి తాను తలపోసేటప్పుడు చురుకుగా ఉండే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌లోని ప్రధాన భాగాలు, అనుభవజ్ఞులైన ధ్యానుల్లో తక్కువ చురుకుగా ఉన్నట్టు 2011 నాటి యేల్ అధ్యయనంలో కనిపించింది. ఆ చురుకుదనం తగ్గడమూ, ఆత్మ లేదని తేలడమూ ఒకటి కావు.